పాత పహాణీల అంచులు కొయ్యకండి

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాల కలెక్టర్లకు, ఆర్డీవోలకు, తహసీల్దార్లకు, రికార్డు రూముల తాళాలు దగ్గరుంచుకునే సిబ్బందికి,

నమస్కారం.

నేను నల్లగొండలో జిల్దులు (పుస్తకాల బైండింగులు) కట్టుకొని బతికేవాణ్ణి. వకీళ్ల పుస్తకాలు, బడి రిజిస్టర్లు, కిరాణా షావుకార్ల ఖాతాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఏది వచ్చినా చేస్తాను. ఈ ఉత్తరం వాటి గురించి కాదు. మీ బీరువాల్లో ఉన్న ఖాస్రా పహాణీలు (ఏ భూమి ఎవరిదో ఊరివారీగా రాసిన పాత రిజిస్టర్లు), సేత్వార్లు (సర్వే నాటి మూల భూమి రిజిస్టర్లు), కౌలుదారీ రిజిస్టర్ల గురించి. వాటిని బాగు చేస్తున్నామనుకొని మీరు చేయిస్తున్న బైండింగు వాటిని పాడు చేస్తోంది. ఆఫీసు పని నాకు తెలియదు. కాగితం, దారం, లై (పిండి జిగురు) మాత్రం తెలుసు. తెలిసిన దాని మీదే మాట్లాడతాను.

1954-55 ఖాస్రా విలువేమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. 2020 అక్టోబరులో భూముల రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని చోట భూభారతి వచ్చింది. తెర మీద తన పేరు కనపడని రైతు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అడిగేది ఒకటే: "ఖాస్రాల చూడుండ్రి సార్, మా తాత పేరుంటది." 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్లను రాసుకున్న రిజిస్టర్లు కూడా అలాంటివే. ఆ కౌలుదార్లకు భూమి హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ల తగాదాలు నేటికీ వాటి దగ్గరికే వచ్చి ఆగుతాయి. సాయుధ పోరాటం నడిచిన జిల్లాలో ఒక కౌలుదారు పేరు సర్కారు కాగితం మీదికి ఎక్కడమంటే మాటలు కాదు. అట్లా ఎక్కిన పేరు డెబ్బై ఏళ్ల తర్వాత కటింగ్ మిషన్ కింద చెత్తబుట్టలో పడుతోంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

బైండింగు టెండరు ఎట్లా నడుస్తుందో మీకు తెలిసిందే. పుస్తకానికి ఇంత అని రేటు, తక్కువ కోట్ చేసినవాడికి పని. కట్టలకు కట్టలు ఆటోలో దుకాణానికి పోతాయి. ఆ రేటుకు వాడు చేయగలిగింది ఒకటే. పాత అట్ట పీకేస్తాడు. చెదిరిన కాగితాలు సమంగా కనపడాలి కాబట్టి మూడు వైపులా కటింగ్ కొడతాడు. వెన్ను నుంచి అర అంగుళం లోపలికి దబ్బనంతోనో డ్రిల్లుతోనో బెజ్జాలు వేసి, నైలాన్ దారంతో పక్క కుట్టు వేస్తాడు. వెన్నుకు ఫెవికాల్, పైన రెక్సిన్, దాని మీద చీటీ. గంటలో ఎన్నో తయారవుతాయి. బీరువాలో వరుసగా నిలబెడితే చూడ ముచ్చటగా ఉంటాయి, ఆడిట్‌కు వచ్చినవాళ్లు కూడా మెచ్చుకుంటారు. ఆ బైండరును నేను తప్పు పట్టను. ఆ రేటుకు నన్ను చేయమన్నా అంతే చేస్తాను.

మరి పుస్తకం తెరిచి చూడండి. అలా కట్టిన రిజిస్టరు ఒకటి నా చేతికి వచ్చింది. ఏ మండలమో రాయను, ఎవరినీ ఇరుకున పెట్టడం నా ఉద్దేశం కాదు. ఎడమ పేజీలో మొదలైన వరుస కుడి పేజీలో పూర్తయ్యే రకం రిజిస్టరు అది. రెండు పేజీలు కలిసే చోట విస్తీర్ణం గడి ఉంది. ఒక వరుసలో 2 – 3 అని కనపడుతోంది. ఆ మూడు పక్కన ఇంకో అంకె ఉందో లేదో తెలియదు, అక్కడే కుట్టు మొదలైంది. వేళ్లతో విడదీయబోతే కాగితం పుటుక్కుమంది, వదిలేశాను. రెండెకరాల మూడు గుంటలా, ముప్పై ఐదా, ముప్పై తొమ్మిదా? నలభై గుంటలకు ఎకరం. అంటే ఆ కుట్టు కింద దాదాపు ఎకరం భూమి దాక్కొని ఉండొచ్చు. బయటి అంచు ఇంకా అన్యాయం. కైఫియత్ (వివరాల) గడిలో ఎవరో గుమాస్తా సన్నని అక్షరాలతో, చోటు చాలక అంచుదాకా రాసిన విరాసత్ (వారసత్వ) మాటలు సగానికి తెగిపోయాయి. ఆర్డరు నంబరు ఉంది, తేదీ లేదు.

నా దగ్గర పని నేర్చుకునే పిల్లవాడు అది చూసి, "కాపీ తీస్తె కనవడదా అన్నా?" అన్నాడు. లేనిది కాపీలో ఎట్లా వస్తుంది? ఉన్నది కూడా రాదు. పక్క కుట్టు పుస్తకం బల్ల మీద పరుచుకోదు, మధ్యలో లోయలాగే ఉంటుంది. స్కానర్ మీద బోర్లిస్తే ఆ లోయంతా నల్లటి నీడ. స్కానింగుకు పంపేముందు పుస్తకాలు "నీట్‌గా" ఉండాలని ఇలా కుట్టించినచోట డబ్బు ఖర్చయింది, అక్షరాలు చీకట్లోకి పోయాయి.

చేత్తో కుట్టడమంటే పాతకాలపు ముచ్చట అనుకోకండి. నాకు పని నేర్పిన ఉస్తాద్ దాన్ని జుజ్‌బందీ అనేవాడు. కాగితాలను నాలుగో ఎనిమిదో కలిపి మధ్యకు మడిస్తే ఒక జుజ్. సూది ఆ మడత లోపలి నుంచి వెన్ను వైపుకు వస్తుంది, వెన్ను మీద నిలువుగా బిగించిన నాడాను చుట్టుకొని మళ్లీ లోపలికి పోతుంది. చివరకు వచ్చాక కింది జుజ్‌కు ముడి వేసి పైదానికి ఎక్కుతుంది. దారం మడతలోనే ఉంటుంది కాబట్టి అక్షరం మీద కుట్టు పడదు. పుస్తకం ఏ పేజీ దగ్గర తెరిచినా బల్లకు ఆనుకుంటుంది. అంచులు కొయ్యాల్సిన అవసరమే రాదు. కాగితాలు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటే ఉండనీ, పహాణీకి పెళ్లిచూపులా?

పాత రిజిస్టర్లలో మడతలు చీలిపోయి కాగితాలు విడివిడిగా ఉంటాయి. "విడి కాయితాలకు జుజ్ ఎక్కడిది?" అని మీ బైండరు అడుగుతాడు. రెండేసి కాగితాలను పల్చటి, బలమైన టిష్యూ పట్టీతో వెన్ను దగ్గర జత చేయాలి. పట్టీ వెడల్పు చిటికెన వేలి గోరంత కూడా ఉండక్కర్లేదు. అది కాగితం కంటే పల్చగా ఉండాలి. మందపు పట్టీ వేస్తే దాని అంచు దగ్గరే పాత కాగితం విరుగుతుంది. ఎక్కువ పనంతా ఇక్కడే. ఒక్క రిజిస్టరుకు రెండు మూడు రోజులు పట్టేది కూడా ఇందుకే.

ఆ కాలపు చవక కాగితం సంగతి కూడా తెలుసుకోవాలి. కర్రను నూరి చేసిన గుజ్జులో లిగ్నిన్ ఉండిపోతుంది, సిరా పాకకుండా పటిక కలుపుతారు. రెండూ కలిసి ఏళ్ల తరబడి లోపల ఆమ్లం పుట్టిస్తాయి. పైన మన ఎండలు. కాగితం ముందు పసుపు, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత అప్పడం. అలాంటి కాగితానికి పక్క కుట్టు వేస్తే, తిప్పిన ప్రతిసారీ బెజ్జాల వరుస దగ్గరే వంగుతుంది. చింపడానికి వీలుగా గీత గీసి ఇచ్చినట్టే. కొన్నాళ్లకు వెన్ను, రెక్సిను, దారం గట్టిగా ఉంటాయి. పేజీలు మాత్రం చేతికి ఊడి వస్తాయి.

లై గురించి ఒక మాట. మేము మైదానో గోధుమ గంజి పిండో నీళ్లలో గడ్డలు లేకుండా కలిపి, సన్న మంట మీద కలియబెడుతూ ఉడికిస్తాం. తెల్లదనం పోయి గాజులా మెరిసే దశ వస్తుంది, అక్కడ దించాలి. చల్లారాక బట్టలో వడగట్టాలి. ఎండిన లై తడి గుడ్డ కాసేపు వేస్తే మెత్తబడి ఊడి వస్తుంది. రేపు ఎవరికైనా ఈ జిల్దు విప్పాల్సి వస్తే కాగితం చిరగకుండా విప్పగలడు. ఎండిన ఫెవికాల్ అట్లా లొంగదు, కాగితపు పొరను కూడా తీసుకొని వస్తుంది. పురుగు పట్టకుండా లైలో మైలుతుత్తం కలపడం మా పనిలో ఆచారం. కొత్త ఖాతా పుస్తకాల అట్టలకు ఇప్పటికీ కలుపుతారు. పాత కాగితానికి మాత్రం వద్దు. అందులోని రాగి కాగితాన్ని ఇంకా తొందరగా పెళుసు చేస్తుంది. ఇంకోటి, ఏ పేజీకి లై తగిలించబోయినా ముందు మూలన ఎక్కడో ఒక చుక్క నీరు పెట్టి, సిరా పాకుతుందేమో చూడాలి. పాకితే ఆ పేజీని తడపకూడదు, అంతే. సేత్వార్ల మీద ఈ పరీక్ష చేయకుండా బ్రష్షు పట్టే మనిషిని రికార్డు రూములోకి రానివ్వకండి.

అట్టకు కూడా వాటం ఉంటుంది. కాగితంలో నార ఒక దిక్కుకు పారుతుంది. చిన్న ముక్కకు ఒక పక్క తడి చేస్తే గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం ఏ దిక్కున ఉందో నార ఆ దిక్కున ఉన్నట్టు. అట్టలో, అట్ట లోపలి వైపు అతికే అస్తరు కాగితంలో, లోపలి పేజీల్లో నార వెన్నుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా వస్తే వానాకాలంలో అట్ట విల్లులా వంగి కుట్లను లాగుతుంది. టెండరు కాగితంలో "గ్రే బోర్డు, రెక్సిన్, గోల్డ్ లెటరింగ్" అని రాసి ఉంటుంది. నార సంగతి రాసిన టెండరు నేను ఇంతవరకు చూడలేదు. బంగారు అక్షరాల కంటే అది ముఖ్యం.

సెల్లో టేపు కనిపెట్టిన మహానుభావుడు మన రికార్డు రూములను చూసి ఉండడు, చూస్తే దుకాణం మూసేసేవాడు. టేపు ప్లాస్టిక్ కొన్నేళ్లకు ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితంలోకి దిగి గోధుమ రంగు మరకై కూర్చుంటుంది. లామినేషన్ ఇంకా ఘోరం. ఒకసారి వేడి చేసి ప్లాస్టిక్‌లో అతికించాక మళ్లీ విడదీయడం అయ్యే పని కాదు. రేషన్ కార్డుకు సరే, ఖాస్రాకు వద్దు. గుండుసూదులు, స్టాప్లర్ పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తింటాయి, కనపడ్డవి కనపడ్డట్టు తీయించండి. తీసేటప్పుడు లాగకుండా, వెనక కాళ్లు లేపి తీయాలి.

ఇప్పుడు మీకు అన్నిటికన్నా ఎక్కువ పట్టాల్సిన మాట.

ఒక పేజీ మాయం కావడానికి, ఒక కొత్త పేజీ వచ్చి చేరడానికి బైండింగును మించిన అదును లేదు. రిజిస్టరు ఆఫీసు దాటి పోతుంది. ఎవరి దుకాణంలోనో ఎన్ని రాత్రులు ఉంటుందో ఎవరికీ లెక్క ఉండదు. తిరిగి వచ్చేటప్పటికి కొత్త అట్టలో ఉంటుంది. పాత అట్ట, పాత దారం ఉండవు. నేను ఎవరినీ దొంగ అనడం లేదు. దొంగతనం జరిగిందా లేదా అని చెప్పే గుర్తులను మనమే చేతులారా చెరిపేస్తున్నామంటున్నాను.

ఆ గుర్తులేమిటంటే సూది బెజ్జాలు. మొదట కుట్టినవాడు ఏ తీరుగా కుట్టినా, కట్టలోని కాగితాలన్నిటికీ ఒకే వరుసలో బెజ్జాలు పడతాయి. తర్వాత ఎవరైనా ఒక కాగితం ఇరికిస్తే దానికి ఆ బెజ్జాలు ఉండవు, ఉన్నా దూరాలు కలవవు. విప్పినప్పుడు ఒక కాగితాన్ని ఇంకోదాని మీద పెట్టి వెలుతురుకు పట్టుకుంటే నిమిషంలో తెలిసిపోతుంది. మడత కుట్టులో ఇంకో కాపలా ఉంది. జుజ్‌లో ప్రతి కాగితానికీ అవతలి వైపు జోడు కాగితం ఉంటుంది, రెండూ ఒకే తావు. ముందరి పేజీ చింపితే వెనక పేజీ ఊగుతుంది, లేదా వెన్నులో చిన్న తునక మిగులుతుంది. చింపినవాడు ఎంత నేర్పరి అయినా ఆ జోడును ఏమీ చేయలేడు. కటింగ్ మిషన్ వెన్ను మీద ఒక్క వేటు వేస్తే బెజ్జాలు, మడతలు, తునకలు, జోళ్లు అన్నీ పేడు ముక్కలై కింద రాలతాయి. ఆ తర్వాత మీరు ఏ నిపుణుణ్ణి పిలిచినా ఆ కాగితం అక్కడిదో కాదో వెన్నును బట్టి చెప్పలేడు.

అందుకే అడుగుతున్నాను, ఈ రిజిస్టర్లు ఆఫీసు గడప దాటకూడదు. బైండరే రికార్డు రూముకు రావాలి. విప్పేముందు పేజీలు లెక్కపెట్టి, మూలన మెత్తటి పెన్సిలుతో అంకెలు వేసి, లెక్క మీద తహసీల్దారు, రికార్డు అసిస్టెంటు, బైండరు ముగ్గురూ సంతకం చేయాలి. కట్టాక మళ్లీ లెక్క, మళ్లీ సంతకం. ఆ కాగితం కొత్త అట్ట లోపల జేబులో ఉండాలి. పాత అట్ట, దాని మీది చీటీ, ముద్రలు, తీసిన దారం ముక్క కూడా ఒక కవరులో వేసి అక్కడే ఉంచాలి. పెన్సిలు అంకెలు పాత అంకెల మీద వేయకండి, పక్కన వేయండి. విప్పినప్పుడు బెజ్జాలు కలవని కాగితం దొరికితే బైండరు దాన్ని సర్దేసి ఊరుకోకూడదు, అక్కడే పని ఆపి మీకు చూపాలి.

కొత్త జిల్లాల సంగతి కూడా ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు, మండలాలు విడిపోయినప్పుడు ఊళ్లు అటూ ఇటూ అయ్యాయి. రెండు మూడు ఊళ్ల కాగితాలు ఒకే జిల్దులో ఉన్నచోట ఆ జిల్దును విడదీసి పంచుకోవాల్సి వచ్చింది. అది తెలిసిన చేతితో విప్పి పంచారా, బ్లేడుతో కోసి పంచారా? మీ మీ ఆఫీసుల్లో ఒకసారి తెప్పించి చూడండి. కోసినవైతే రెండు ముక్కలూ ఎక్కడెక్కడ ఉన్నాయో రెండు ఆఫీసుల్లోనూ రాసిపెట్టించండి. సమాచార హక్కు చట్టం, 2005 నాలుగో సెక్షను రికార్డులను జాబితాతో, సూచికతో భద్రపరచమనే చెబుతోంది.

"ఇంత పనికి పైసలెక్కడివి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. అన్నిటికీ జిల్దు అక్కర్లేదు, నిజానికి చాలావాటికి ఏమీ చేయకపోవడమే మేలు. దుమ్ము మెత్తటి బ్రష్షుతో దులిపి, రెండు అట్టల మధ్య పెట్టి, నూలు బట్టలో బస్తా కట్టి, వెడల్పు నాడాతో చుట్టండి. సుతిలి వద్దు, అంచులను కోస్తుంది. బస్తా గోడకు తగలకుండా, నేల మీద కాకుండా ఉంటే చెదలు దూరం. బట్టకు మనకు కరువేముంది? గద్వాల, నారాయణపేట, పోచంపల్లి మన మధ్యనే ఉన్నాయి. రంగు వేయని మామూలు నూలు తాను నేయించుకుంటే బస్తాలకూ, జిల్దు వెన్నులకూ సరిపోతుంది, రెక్సిన్ కంటే ఎక్కువ కాలం ఉంటుంది. చేత్తో కుట్టించాల్సింది జనం ఎక్కువగా తిప్పేవాటిని: ఖాస్రాలు, సేత్వార్లు, కౌలుదారీ రిజిస్టర్లు. అవి కూడా ఒక్క ఏడాదిలో కావు. ఏటా కొన్ని చొప్పున పోవాలి. పుస్తకానికి ఇంత అనే రేటు మాత్రం మానేసి, రోజు కూలి లెక్కన ఇవ్వండి. పుస్తకం లెక్కన ఇస్తే ఎవడైనా తొందరపడతాడు.

జుజ్‌బందీ తెలిసినవాళ్లు ఈ జిల్లాల్లో తగ్గిపోయారు. ఉన్నవాళ్లలో చాలామందికి చూపు ఆనదు. కుర్రాళ్లకు వేడి జిగురు మిషన్లు తెలుసు, సూది తెలియదు. తెలియదంటే రాదని కాదు, నెల రోజులు పక్కన కూర్చోబెట్టుకుంటే వస్తుంది. హైదరాబాద్‌లో తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, పాత కాగితం పని అక్కడ తెలుసు. జిల్లాకు ఇద్దరిని అక్కడికి పంపి నేర్పించినా చాలు. ఇందులో నాకు పని దొరుకుతుందన్న ఆశ లేదని అబద్ధం ఆడను. నాకు ఇవ్వకున్నా సరే, సూది పట్టేవాడికి ఇవ్వండి.

ముందుగా మీ బల్ల మీదున్న బైండింగు టెండరు కాగితం తెప్పించుకోండి. అందులో "మూడు వైపులా కటింగ్" అన్న మాట ఉంటే రెవెన్యూ పాత రికార్డుల వరకు దాన్ని కొట్టేయండి. దీనికి జీవో అక్కర్లేదు, ఎర్ర పెన్ను చాలు.

మిగతాది చూసి నమ్మాలనుకుంటే పిలవండి. చెక్క ప్రెస్సు, సూదులు, లై గిన్నె నేనే తెచ్చుకుంటాను. కిటికీ పక్కన ఒక బల్ల ఇప్పించండి, ఎవరికీ అక్కర్లేని పాత హాజరు రిజిస్టరు ఒకటి ఇవ్వండి. మీ సిబ్బంది ముందు దాన్ని విప్పి, జత చేసి, కుట్టి చూపిస్తాను. ఆ రోజు పహాణీల బీరువా తాళం తీయక్కర్లేదు.

ఇట్లు,
నల్లగొండ జిల్దుసాజు